గుర్రం కాలి కీళ్లపై గాయాలు – కట్టు కట్టడంలో మెలకువలు

గుర్రం తొడపై అయిన పెద్ద గాయం సాధారణంగా కొన్ని వారాలలో పూడుకుంటుంది. అదే గుర్రానికి వెనుక కాలి హాక్ కీలు మీద ముళ్లకంచె గీసుకొని ఏర్పడిన చిన్న గాయం నెలల తరబడి మానకపోవచ్చు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు సుమారు 3.4 లక్షలు మాత్రమే. సంఖ్య తగ్గినకొద్దీ క్షేత్రస్థాయి సిబ్బందికి, విద్యార్థులకు గుర్రానికి కట్టు కట్టే అవకాశం కూడా తగ్గుతున్నది. అయితే జట్కా బండికి, పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని నడిపే యజమానికి తరచుగా ఆ ఒక్క జంతువే జీవనాధారం.

గాయం మానకపోవడానికి కారణాలు

మోకాలు, హాక్ కీలు దిగువన గుర్రం కాలిలో కండ దాదాపు ఉండదు. చర్మం కింద ఎముక, టెండన్లు మాత్రమే ఉంటాయి. రక్తప్రసరణ తక్కువ, నేల మురికి ఎక్కువ. గాయం అంచుల నుండి కొత్త చర్మం రోజుకు సుమారు 0.1 మిల్లీమీటరు మాత్రమే ముందుకు సాగుతుంది. ఈలోగా గాయం మధ్యలో దుర్మాంసం ఉబికి వచ్చి చర్మానికి అడ్డుపడుతుంది. కీలు ఆడుతున్నంతసేపూ గాయం అంచులు విడిపోతూనే ఉంటాయి. కాబట్టి కీలుపై కట్టు గాయాన్ని కప్పడంతో పాటు కదలికను కూడా తగ్గించాలి.

కట్టుకు ముందు

మొదట గాయం లోతును, కీలుకు దాని సామీప్యాన్ని పరీక్షించాలి. గాయం నుండి లేత పసుపు రంగులో, వేళ్ల మధ్య తీగలా సాగే ద్రవం కారుతుంటే కీలు తెరుచుకున్నదని అనుమానించాలి. గాయం ఎంత చిన్నదైనా ఇది అత్యవసర పరిస్థితి. జంతువును వెంటనే శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి తరలించాలి. మిగిలిన గాయాలను ఉడికించి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణంతో ధారగా కడగాలి. గుర్రాలు ధనుర్వాతానికి సులభంగా గురవుతాయి కనుక టీకా వివరాలు తెలుసుకోవడం తప్పనిసరి. మైలుతుత్తం వంటి ఘాటైన పదార్థాలను తాజా గాయంపై చల్లరాదు. అవి కొత్తగా పెరిగే చర్మకణాలను కూడా చంపుతాయి.

కట్టులో మూడు పొరలు ఉంటాయి. గాయానికి అంటుకోని డ్రెస్సింగు మొదటిది, మందపాటి దూది చుట్ట రెండవది, సాగే బ్యాండేజ్ మూడవది. ప్రతి చుట్టు ముందరి చుట్టులో సగాన్ని కప్పాలి. దూది పైన, కింద బ్యాండేజ్ అంచును దాటి కొద్దిగా బయటకు కనిపించాలి.

కీలును బట్టి కట్టు

హాక్ కీలు: వెనుక కాలిలో పై కీలు ముడిచినప్పుడల్లా హాక్ కీలు కూడా ముడుచుకుంటుంది. అందువల్ల ఇక్కడ కట్టు త్వరగా జారుతుంది. మొదట గిట్ట పైనుండి హాక్ కీలు వరకు ఆధారంగా ఒక కట్టు కట్టి, దానిపై ఆనేలా రెండవ కట్టును పైకి కొనసాగించాలి. కీలు వద్ద బ్యాండేజ్‌ను 8 అంకె ఆకారంలో చుట్టి, మడమ ఎముక కొనను బయటకు వదలాలి. కీలు పైభాగాన వెనుక ఉండే పెద్ద టెండన్‌కు ఇరువైపులా ఉన్న పల్లాలను దూదితో నింపితే ఒత్తిడి దానిపై పడదు.

ముందరి కాలి మోకాలు: వెనుకవైపు పొడుచుకువచ్చిన ఎముకపై చర్మం సులభంగా ఒరుసుకొని పుండు పడుతుంది. కట్టు పూర్తయిన తరువాత ఆ ఎముకపై భాగంలో జాగ్రత్తగా చిన్న గాటు పెట్టి ఒత్తిడిని తగ్గించాలి.

గిట్ట మడమ: ప్రతి అడుగుకూ ఈ గాయం తెరుచుకుంటుంది. కట్టులో గిట్టను మొత్తంగా కలిపి, అరికాలి వైపు నీరు చొరని గట్టి అంటుపట్టీ వేయాలి. లోతైన గాయాలకు పశువైద్యుడు వేసే గిట్ట కాస్టు మేలు.

కట్టు కట్టే వ్యక్తి గుర్రం పక్కనే వంగి ఉండాలి, మోకాళ్లపై కూర్చోరాదు. వెనుక కాలికి కట్టు కట్టిన వెంటనే చాలా గుర్రాలు కాలును ఎత్తెత్తి వేస్తాయి, తన్నుతాయి. ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, కొన్ని అడుగులు మెల్లగా నడిపించాలి.

కట్టు తరువాత

స్రావం ఎక్కువగా ఉన్న తొలి రోజులలో 1–2 రోజులకు, తరువాత 3–4 రోజులకు ఒకసారి కట్టు మార్చాలి. కట్టు పైన వాపు, దుర్వాసన, అకస్మాత్తుగా కుంటడం, కట్టును కొరకడం కనిపిస్తే గడువు కోసం ఆగకుండా విప్పి చూడాలి. బిగుతు కట్టు తెచ్చే పుండు మొదటి గాయం కంటే ప్రమాదకరం కావచ్చు.

గాయం చర్మం మట్టానికి నిండిన తరువాత కట్టును అలాగే కొనసాగిస్తే దుర్మాంసం పెరిగే అవకాశం ఉంది. ఉబికిన దుర్మాంసంలో నరాలు ఉండవు కాబట్టి పశువైద్యుడు కోసినా నొప్పి ఉండదు, కాని రక్తస్రావం ఎక్కువగా ఉంటుంది. కట్టును ఎప్పుడు ఆపాలన్న నిర్ణయం ప్రతిసారీ గాయాన్ని చూసి తీసుకోవలసినదే. విస్తరణ సిబ్బంది యజమానికి కట్టు కట్టే పద్ధతితో పాటు, ఏ లక్షణం కనిపిస్తే కట్టు విప్పాలో కూడా నేర్పినప్పుడే ఆ జంతువు తిరిగి పనిలోకి వస్తుంది.