గాలికీ చెవులుంటాయి

దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ళు కిక్కిరిసిన ఏ సందులోనైనా నిలబడి ఫోనులో వైఫై జాబితా చూడండి. బోలెడు పేర్లు కనబడతాయి. మూడో అంతస్తులోని రూటరు వీధిలో ఉన్న మీకెలా దొరికింది?

వైఫై అలలు రేడియో అలలే. సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు కంపించే అల పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. (కాంతి వేగాన్ని భాగించి చూసుకోండి.) ఇటుక గోడ దాన్ని నీరసపరుస్తుంది గాని పూర్తిగా ఆపలేదు. రూటరు మీతో మాట్లాడితే వీధంతా వినవచ్చు. అందుకే మాటల్ని గుప్తభాషలోకి మార్చి పంపుతారు. పాస్‌వర్డు దానికి తాళంచెవి.

1997లో వచ్చిన ‘వెప్’ అనే తాళం 2001కల్లా విరిగింది. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్న డబ్ల్యుపిఏ-2 గట్టిదే. కాని మీ ఫోను రూటరుతో కలిసే క్షణంలో జరిగే సంభాషణను దొంగ పట్టుకుపోయి, ఇంట్లో కూర్చుని తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డూ వేసి చూడగలడు. మీ రూటరుకు ఆ సంగతే తెలియదు!

కొంచెం లెక్క చేద్దామా? అతని కంప్యూటరు సెకనుకు 5 లక్షల పాస్‌వర్డులు చూస్తుందనుకోండి. గేములాడే గ్రాఫిక్స్ కార్డుకు ఇదేమంత కష్టం కాదు. చాలామంది మొబైల్ నంబరునే పాస్‌వర్డుగా పెడతారు. 6, 7, 8, 9లతో మొదలయ్యే పదంకెల నంబర్లు 400 కోట్లు. అన్నీ చూడడానికి 8,000 సెకన్లు, అంటే రెండుంపావు గంటలైనా పట్టదు. పుట్టినరోజైతే మరీ ఘోరం: నూరేళ్ళ తేదీలన్నీ కలిపినా 36,525 మాత్రమే. అదే, పొంతనలేని 12 ఇంగ్లీషు చిన్న అక్షరాలైతే సుమారు 6,000 ఏళ్ళు!

దొంగకు మన నెట్టు దొరికితే ఏం పోయిందంటారా? 2008 జూలై 26న అహ్మదాబాదు పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు ఒక ఈమెయిలు వచ్చింది. ఆరా తీస్తే పోలీసులు చేరింది నవీ ముంబైలోని ఒక ఇంటికి. ఎవరో ఆ ఇంటి వైఫైని వాడుకున్నారు. బయటి ప్రపంచానికి కనబడే చిరునామా కనెక్షనుదే; ఫోను ఎవరిదో అది చెప్పదు.

ఎల్.బి.నగర్ మెట్రో స్టేషన్ లాంటి రద్దీ చోట్ల చిక్కు ఇంకో రకం. తాళంలేని వైఫైని ఫోను పేరును బట్టే గుర్తుపడుతుంది. ఎవడైనా సంచీలో చిన్న రూటరు పెట్టుకుని అదే పేరు తగిలిస్తే, దగ్గరగా గట్టిగా వినిపించే దానికే ఫోను అతుక్కోవచ్చు. తాళం గుర్తున్న వెబ్‌సైటులో మీరు టైపు చేసింది అతను చదవలేడు. ఏయే సైట్లకు వెళ్ళారో మాత్రం తరచు కనిపెట్టగలడు. దొంగసైటుకూ తాళం గుర్తు ఉండవచ్చు సుమా! వైఫై పేజీ ఓటీపీతోబాటు బ్యాంకు వివరాలు కూడా అడిగితే వెంటనే మూసేయండి. ఇంటికి వెళ్ళాక ఫోను గుర్తుపెట్టుకున్న పాత వైఫై పేర్లను చెరిపేయండి.