ఒకే డిస్కులో రెండు వ్యవస్థలు

యంత్రం పాతబడినదా, లేక దానిని నడిపించే వ్యవస్థ పాతబడినదా అనే ప్రశ్న నేడు కంప్యూటరు వాడే ప్రతి విద్యార్థికీ ఎదురవుతున్నది. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు తన సేవలను 2025 అక్టోబరు 14తో నిలిపివేసినది. నమోదు చేసుకొన్న గృహ వినియోగదారులకు మరియొక యేడాది భద్రతా సవరణలు ఇచ్చెదమని ప్రకటించినా, అది గడువు పొడిగింపే గాని పరిష్కారం కాదు. దాని స్థానంలో 2021లో వచ్చిన విండోస్ 11, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పును, ఇంటెల్ రకంలో దాదాపుగా ఎనిమిదవ తరం నుండి వచ్చిన ప్రాసెసర్లను కోరుతుంది. అంతకు ముందు కొన్న యంత్రం ఎంత చక్కగా పని చేస్తున్నా దానికి ప్రవేశం లేదు. ఒక లాప్‌టాప్ కొనుటకు కన్నతండ్రి ఎన్ని నెలలు కూడబెట్టవలసి వచ్చినదో ఎరిగిన విద్యార్థికి, నడుస్తున్న యంత్రాన్ని మూలన పడవేయుమనుట రుచించే సలహా కాదు. మా దృష్టిలో అది మంచి సలహా కూడా కాదు.

లినక్స్ అనే వ్యవస్థ ఉచితంగా లభిస్తుంది. ఉబుంటు, లినక్స్ మింట్ వంటి దాని రూపాలు పాత యంత్రాలపై సైతం నడుస్తాయి. సి, పైథాన్ వంటి ప్రోగ్రామింగ్ భాషలకు కావలసిన సాధనాలన్నీ అందులో వెల లేకుండా దొరుకుతాయి. యూనికోడ్ పద్ధతిలో తెలుగు, నస్తాలీఖ్ లిపిలో ఉర్దూ, రెండింటినీ అందులో వ్రాసుకొనవచ్చును. అట్లయిన విండోస్‌ను పూర్తిగా తీసివేసి లినక్స్‌నే ఉంచుకొనరాదా అని అడుగవచ్చును. అందుకు అడ్డుపడేది మనవంటి కళాశాలల అవసరమే. కాతిబుల చేతివ్రాత స్థానాన్ని ఆక్రమించిన ఇన్‌పేజ్, తెలుగు ముద్రణాలయాలలో పేజ్‌మేకర్‌తో కలిపి వాడే అను ఫాంట్లు, ఈ రెండూ విండోస్ కొరకు తయారైనవి. వీటిలో ఏళ్ళ తరబడి కూర్చిన పుటలు చాలావరకు యూనికోడ్‌కు భిన్నమైన సంకేతాలలో ఉన్నాయి. విండోస్‌ను ఒక్కసారిగా తీసివేసిన యెడల ఇట్టి పాత పుటలను తెరచుటయే కష్టమవుతుంది. కావున రెండు వ్యవస్థలూ ఒకే డిస్కులో ప్రక్కప్రక్కన ఉండుట మేలు. అంతర్జాలపు పనులు లినక్స్‌లోను, పుటల కూర్పు విండోస్‌లోను చేసుకొన్న యెడల, సవరణలు అందని విండోస్‌ను అంతర్జాలానికి దూరంగా ఉంచినట్లవుతుంది.

ఇందుకు డిస్కును విభజింపవలెను. ఉర్దూలో తక్సీమ్ అనే మాట ఆస్తి పంపకానికి ఎట్లు వర్తించునో ఇక్కడ కూడ అట్లే వర్తిస్తుంది. ఈ పోలికను కొంచెం సాగదీసి చూచుట మంచిది, ఏలయనగా డిస్కు విభజనలోని సులువూ, ప్రమాదమూ రెండూ అందులోనే బోధపడుతాయి.

ఐదెకరాల పొలాన్ని అన్నదమ్ములిద్దరు పంచుకొన్నారనుకొందాము. మట్టి మారదు, బావి కదలదు. మారేది పహాణీలోని వ్రాత మాత్రమే. డిస్కు విషయం కూడ అంతే. 1983లో ఐబీఎం సంస్థ 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీ యంత్రాన్ని విడుదల చేసినప్పుడు, దానితోపాటు వచ్చిన డాస్ 2.0లో ఈ పహాణీ ఏర్పడినది. డిస్కులోని మొట్టమొదటి 512 బైట్ల గడిలో యంత్రాన్ని మేల్కొల్పే చిన్న ప్రోగ్రాము, దాని వెనుక 64 బైట్ల పట్టిక ఉంటాయి. పట్టికలో నాలుగే నాలుగు పద్దులు, ఒక్కొక్కటి 16 బైట్లు. ఫలానా భాగం ఎక్కడ మొదలగును, ఎంత పొడవు, ఏ రకానికి చెందినది అనే వివరాలు అందులో వ్రాసి ఉంటాయి. లక్షల కొద్దీ ఫైళ్ళున్న డిస్కు యొక్క హద్దులన్నీ ఆ 64 బైట్లలో ఇమిడి ఉండుట ఆశ్చర్యకరమే. ఈ పాత పద్ధతిలో నాలుగు ముఖ్య భాగాలకు మించి వీలు లేదు, రెండు టెరాబైట్లు దాటిన డిస్కును అది కొలవలేదు. నేటి యంత్రాలలో జీపీటీ అనే క్రొత్త పట్టిక వాడుకలో ఉన్నది. ఇందులో సాధారణంగా 128 పద్దులకు చోటు ఉంటుంది. పట్టిక నకలు ఒకటి డిస్కు చివరన కూడ భద్రపరుపబడుతుంది.

పద్దును కొట్టివేసినంత మాత్రాన భాగంలోని ఫైళ్ళు చెరిగిపోవు. అవి ఎక్కడివక్కడనే ఉంటాయి, కాని వాటి చిరునామా పోతుంది. దానిపై మరొకటి వ్రాయనంత వరకు తగిన సాధనాలతో తిరిగి రాబట్టుకొనుటకు అవకాశం ఉన్నది. ఆ చోటులో క్రొత్త వ్యవస్థను స్థాపించిన పిమ్మట మాత్రం ఆ ఆశ దాదాపు లేనట్లే. పహాణీలో వ్రాత తప్పితే సవరించుకొనవచ్చును, ఇంకొకడు వచ్చి దున్ని నాటిన తరువాత పాత పైరు రాదు గదా!

లినక్స్ చరిత్రలోనే ఇందుకు దృష్టాంతమున్నది. దానిని 1991లో రూపొందించిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పుడు ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. ఆయన తన యంత్రంలో మినిక్స్ అనే మరొక వ్యవస్థను ఉంచుకొని, దాని సహాయంతోనే లినక్స్‌ను నిర్మించుచుండెను. ఒకనాడు మోడెమ్ ద్వారా విశ్వవిద్యాలయానికి ఫోను కలుపబోయి, ఆ ఆదేశాలను పొరపాటున మోడెమ్‌కు బదులు డిస్కులోని మినిక్స్ భాగానికి పంపెను. మినిక్స్ పాడైపోయినది. దానిని మళ్ళీ స్థాపించుటకు బదులు, తన లినక్స్ ఇక సొంత కాళ్ళపై నిలువగలదని ఆయన నిశ్చయించుకొనెను. అంతటి నిపుణునికే డిస్కు భాగం పేరు తారుమారైనప్పుడు మనమెంత! అయితే ఆయనకు కలిగిన నష్టం లోకానికి లాభమైనది. మన పరీక్షల ప్రాజెక్టు పోయిన యెడల లాభపడే లోకమేదీ మాకు కనబడుట లేదు.

కాబట్టి మొదటి పని నకలు తీయుట. ఫొటోలు, నోట్సు, ప్రాజెక్టులు, సర్టిఫికెట్ల ప్రతులు వేరొక డిస్కులోనో పెన్‌డ్రైవులోనో భద్రపరచి, అక్కడ అవి తెరచుకొనుచున్నవో లేదో మరొక యంత్రంలో చూడవలెను. తెరచి చూడని నకలు నకలు కాదు. రెండవది, డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడియున్నదేమో పరిశీలించుట. కొన్ని లాప్‌టాపులలో ఇట్టి తాళం యజమానికి తెలియకుండనే పడి ఉంటుంది. 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను కాగితంపై వ్రాసి దాచుకొనకుండ ముందుకు పోరాదు. మూడవది, విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయాన్ని ఆపివేయుట. అది ఉన్నప్పుడు యంత్రాన్ని ఆపినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ వచ్చి ఆ భాగంలో వ్రాసిన యెడల ఫైళ్ళు చెడిపోవచ్చును. ఇక కరెంటు సంగతి చెప్పనే అక్కరలేదు. బ్యాటరీ నిండుగా ఉండి, చార్జరు తగిలించి ఉన్నప్పుడే పని మొదలు పెట్టవలెను. హద్దు మార్చుట క్షణం పని, కాని దానికి ముందు ఫైళ్ళను ప్రక్కకు జరుపుటకు చాలాసేపు పట్టవచ్చును. ఆ మధ్యలో కరెంటు పోవుట మన ఊళ్ళలో అరుదైన విషయం కాదు.

విండోస్ భాగాన్ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారానే కుదించవలెను, ఇతర సాధనాలతో కాదు. తన ఫైళ్ళు ఎక్కడ ఉన్నవో దానికే బాగా తెలుసు. ఒక్కొక్కప్పుడు డిస్కులో 200 జీబీల ఖాళీ ఉన్నా, కుదించుటకు 30 జీబీలే వీలగునని అది చెప్పవచ్చును. భాగం చివరన కదల్చరాని ఫైలేదో కూర్చొని ఉండుట ఇందుకు కారణం. పేజ్ ఫైలును, నిద్రావస్థ కొరకు ఉంచిన ఫైలును తాత్కాలికంగా తొలగించి మళ్ళీ ప్రయత్నించిన యెడల సాధారణంగా దారి ఇస్తుంది. లినక్స్‌కు 25 జీబీలు ఉన్నా గడచును గాని, 60 నుండి 100 జీబీల వరకు ఇచ్చుట సుఖం. 500 జీబీల డిస్కు విండోస్‌లో 465 అని కనబడుట చూచి కొందరు దుకాణదారును అనుమానిస్తారు. అందులో మోసమేమీ లేదు. తయారీదారు వేయి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తారు. ఖాళీ చేసిన చోటును అట్లే వదలివేయవలెను. విండోస్‌లో దానికి క్రొత్త డ్రైవు అక్షరమిచ్చి ముస్తాబు చేయనక్కరలేదు.

తరువాత మరొక పెన్‌డ్రైవులోనికి లినక్స్‌ను ఎక్కించి, యంత్రాన్ని దాని నుండి నడిపించవలెను. డిస్కును తాకకుండనే వ్యవస్థను వాడి చూచుటకు ఇందులో వీలున్నది. వైఫై, ధ్వని, కీబోర్డు సరిగా పని చేయుచున్నవో లేదో ఒక పూట తీరికగా చూచుకొనవచ్చును. స్థాపనకు పూనుకొన్నప్పుడు తెరపై ఒక ప్రశ్న వస్తుంది. విండోస్‌తోపాటు స్థాపింపవలెనా, డిస్కునంతటినీ చెరిపి స్థాపింపవలెనా అని దాని భావం. ఈ ప్రక్రియ అంతటిలో ప్రమాదకరమైన ఘట్టం ఇదొక్కటే. తొందరపడి రెండవదానిని ఎంచుకొన్నవానికి, తాను ముందే తీసుకొన్న నకలే దిక్కు. భాగాలను స్వయంగా ఎంచుకొనే పద్ధతిలో వెళ్ళేవారు పేర్లను కాక పరిమాణాలను చూచి పోల్చుకొనుట మంచిది. అక్కడ సీ, డీ అనే అక్షరాలు కనబడవు. ఇక 100 ఎంబీల చిన్న భాగమొకటి కనబడితే దానిని పనికిరానిదని తుడిచివేయరాదు. యంత్రాన్ని మేల్కొల్పే ఫైళ్ళు అందులోనే ఉంటాయి. లినక్స్ కూడ తన ఫైళ్ళను అక్కడనే చేర్చుకొంటుంది.

స్థాపన ముగిసిన పిమ్మట, యంత్రం తెరచినప్పుడెల్ల గ్రబ్ అనే ద్వారపాలకుడు ఏ వ్యవస్థ కావలెనని అడుగుతాడు. ఉర్దూ, తెలుగు భాషల సంచికను చేత పట్టుకొన్న పాఠకునికి ఇది వింతగా తోచదు. ఒక అట్ట వైపు నుండి తెరచిన ఉర్దూ, మరొక అట్ట వైపు నుండి తెరచిన తెలుగు. పుస్తకం ఒకటే, కుట్టు ఒకటే, మొదళ్ళు రెండు. అయితే ఒక తేడా ఉన్నది. లినక్స్ విండోస్ భాగంలోని ఫైళ్ళను చదువగలదు, వ్రాయగలదు. విండోస్ మాత్రం లినక్స్ వాడే ఎక్స్‌ట్4 పద్ధతిని తనంతట తాను చదువలేదు. రెండింటికీ కావలసిన ఫైళ్ళను కాబట్టి విండోస్ రకపు భాగంలోనే ఉంచవలెను.

ఇంకొక వింత కూడ చూస్తారు. లినక్స్‌ను వాడిన తరువాత విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనుకకు పోతుంది. యంత్రంలోని గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ కాలంగాను, విండోస్ స్థానిక కాలంగాను భావించుటయే ఇందుకు హేతువు. స్థానిక కాలాన్నే పాటించుమని లినక్స్‌కు ఒక్క ఆదేశమిస్తే సరిపోతుంది.

రెండవ వ్యవస్థ వద్దనుకొన్న నాడు దానిని తీసివేయుటకు కూడ ఒక వరుస ఉన్నది. ముందుగా యంత్రం విండోస్ నుండే మొదలగునట్లు అమర్చి, అట్లు మొదలైనదని చూచుకొని, ఆ తరువాతనే లినక్స్ భాగాన్ని తొలగింపవలెను. పాత పద్ధతి డిస్కులలో ఈ వరుస తప్పిన యెడల, గ్రబ్ తన మిగిలిన సగం కనబడక ఆగిపోతుంది, విండోస్ చెక్కుచెదరకుండ ఉన్నా తెరచుకొనదు. సీ డ్రైవును కుదించి తీసుకొన్న చోటు దానిని ఆనుకొనియే ఉంటుంది గనుక, దానిని తిరిగి సీలో కలుపుకొనవచ్చును.