మోచేతి నొప్పి - వ్యాయామ చికిత్స



నేడు నేను ప్రసంగింపబోవు వ్యాధిని వైద్యులు 'టెన్నిస్ ఎల్బో' యందురు. పేరు విని యిది బంతియాట యాడువారికే వచ్చునని తలంపవలదు. 1882లో మోరిస్ అను ఆంగ్ల వైద్యుడు టెన్నిస్ ఆటగాండ్రయందు దీనిని వర్ణించుటచే ఆ పేరు నిలిచినది. అంతకు పూర్వమే, 1873లో, రుంగె యను జర్మను వైద్యుడు వ్రాతపనివారియందు దీనిని గుర్తించియుండెను. గొడ్డలి పట్టువారికిని, పాలు పితుకువారికిని, తడిబట్టలు పిండు స్త్రీలకును ఇది వచ్చును. 35 మొదలు 55 ఏండ్ల వయస్సువారియందు హెచ్చు.

మనము పిడికిలి బిగించునపుడు మణికట్టును నిలిపియుంచు కండరములు ముంజేతి వెనుక నున్నవి. అవి స్నాయువను గట్టి పట్టీచే మోచేతి వెలుపలి యెముక గుబ్బకు అంటియున్నవి. ఎడతెగని శ్రమచే ఆ పట్టీలోని పోగులు చెడును. అందుచేతనే చెంబెత్తినను, తాళము త్రిప్పినను మోచేయి నొచ్చును.

కొందఱు నెలల తరబడి చేతిని కదల్పకుందురు. అందువలన కండరములు కృశించును. మఱికొందఱు సూదిమందు కోరుదురు. స్టెరాయిడ్ సూదిమందు కొన్ని వారములు సుఖమిచ్చును. కాని యేడాది గడచునప్పటికి అది పుచ్చుకొననివారి స్థితియే మేలుగా నుండెనని 2006లోను, 2013లోను ప్రకటితములైన ఆస్ట్రేలియా పరిశోధనలు తెల్పినవి.

స్నాయువునకు బలము క్రమముగా మోపిన బరువు వలననే కలుగును. ముంజేతిని బల్లపై నానించి, అఱచేయి క్రిందివైపునకుండ, మణికట్టును బల్ల యంచునకు వెలుపల నుంచవలెను. అరకిలో బరువును పట్టి, రెండవచేతి సాయమున పైకెత్తి, అయిదంకెలు లెక్కించునంతసేపు మెల్లగా దింపవలెను. ఇట్లు పదిమార్లు చేసి, కొంత విశ్రమించి, మరల చేయవలెను. కొలదిపాటి నొప్పికి భయపడనక్కరలేదు. మఱునాటికిని అది హెచ్చుగానే యున్నచో బరువు తగ్గింపవలెను. మొదట ఫిజియోథెరపీ తెలిసినవారియొద్ద నేర్చుకొనుట మంచిది. బరువు లెత్తునపుడు అఱచేయి పైకుండునట్లు పట్టిన స్నాయువునకు శ్రమ తగ్గును.

గుణము కనబడుటకు ఆఱు మొదలు పండ్రెండు వారములు పట్టును. పెక్కుమందికి ఏడాదిలోపల నయమగును. క్రికెట్ ఆటగాడు సచిన్ టెండూల్కరునకు 2005లో శస్త్రచికిత్స జరిగినది గాని, అది కొలదిమందికే అవసరము. చేయి తిమ్మిరెక్కినను, కీలు వాచి జ్వరము వచ్చినను వెంటనే వైద్యునకు చూపవలెను.

పెద్దలకు నాదొక మనవి. మీ యింటి కోడలు బిందె యెత్తలేకున్నను, కుమారుడు గొడ్డలి దింపినను సోమరితనమని యెంచవలదు. పైకి వాపు కనబడకున్నను ఈ నొప్పి నిజమైనది. మూడునెలలు బరువుపని తగ్గించి, దినదినము వ్యాయామమునకు తీరిక కల్పింపుడు. ఆ చేతులు మరల మీకు సాయపడగలవు.