పెద్ద విద్వాంసులు – పిన్నల పాటలు

రేడియోలో పాట వచ్చుచుండగా మన చెవి ముందుగా గాయకుని కంఠమును పట్టుకొనును. పిదప వేణువునో వయొలిన్‌నో గుర్తించును. ఆ రెంటికిని అడుగున, పాటనంతయు మోయుచు, లోతైన నాదము ఒకటి సాగుచుండును. పాశ్చాత్యుల రాక్ సంగీతమున ఈ పని చేయు వాద్యము బాస్ గిటారు. సాధారణముగా దానికి నాలుగు లావుపాటి తీగలుండును. అందు మిక్కిలి మంద్రమైన తీగ సెకనుకు సుమారు 41 మారులు కంపించును. ఇంటిలోని చిన్న రేడియో పెట్టె అంతటి మంద్రనాదమును పూర్తిగా పలికింపలేదు. అందుచేత వాదకుడు ఎంత శ్రమించినను అతడున్నట్లు శ్రోతకు తోచదు. అతడు చేయి ఆపినచో మాత్రము పాట కాలికింద నేల జారినట్లగును.

అమెరికాలో ‘దే మైట్ బి జైంట్స్’ అను రాక్ బృందమున ఈ వాద్యము వాయించిన డానీ వైన్‌కాఫ్ పిల్లల కొరకును పాటలు కట్టిరి. ఆ బృందము విజ్ఞానశాస్త్ర విషయములపై బాలల కొరకు 2009లో ఒక పాటల సంపుటమును వెలువరించెను. శిలాజములను త్రవ్వి పరిశోధించు శాస్త్రజ్ఞుని గూర్చి అందులోనున్న పాట వీరిదే. పిదప తమ పేరుననే బాలగీతముల సంపుటములను ప్రకటించిరి. వేలమంది యువకులు గుమిగూడు కచేరీలలో వాయించు మనిషికి పసిపిల్లల పాటతో పనియేమి అని కొందరికి తోచవచ్చును. మన సంగీతచరిత్ర నెరిగినవారికి మాత్రము ఇందు వింత యేమియు కనిపింపదు.

మన పుంగనూరుకు పొరుగుననే కన్నడసీమ యున్నది. 1564లో పరమపదించిన పురందరదాసులవారు ఆ భాషలో రచించిన కీర్తనలు వైరాగ్యమునకును భక్తికిని పెట్టినది పేరు. ఆయననే ‘కర్ణాటక సంగీత పితామహుడు’ అనుట కీర్తనల వలన మాత్రమే కాదు. మాయామాళవగౌళ రాగమున సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు ఏర్పరచి, మలహరి రాగమున చిన్న గీతములు రచించి, పసివాడు సంగీతమున తొలి అడుగు వేయు మార్గమును ఆయనయే చూపెనని సంప్రదాయము. ముత్తుస్వామి దీక్షితులవారి మాటయు అట్టిదే. గంభీరమైన నవావరణ కృతులు రచించిన ఆ మహనీయులే తెల్లదొరల బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చి సుమారు 40 నొట్టుస్వరములు రచించిరి. గమకముల బరువు లేని ఆ చిన్న పాటలను నేటికిని పిల్లలకు నేర్పుచున్నారు.

మన తెలుగున, అందును రేడియోలో, ఈ మార్గమున నడచిన వారిలో బాలాంత్రపు రజనీకాంతరావుగారు ముఖ్యులు. వారు 1920 జనవరి 29న నిడదవోలులో జన్మించిరి. వేంకట పార్వతీశ కవులుగా ప్రసిద్ధులైన జంటలో ఒకరైన వేంకటరావుగారు వారి తండ్రి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, 1941లో మద్రాసు రేడియో కేంద్రమున చేరిరి. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యము వచ్చిన వేళ ఆ కేంద్రము నుండి టంగుటూరి సూర్యకుమారి కంఠమున వినవచ్చిన ‘మాదీ స్వతంత్ర దేశం’ అను గేయము వారి రచన. విజయవాడ కేంద్రమున ‘భక్తిరంజని’ని తీర్చిదిద్దినవారు వారు. వారి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో సాహిత్య అకాడెమీ బహుమానము లభించెను. 2018 ఏప్రిల్ 22న, తొంబదియెనిమిదేండ్ల వయస్సున, వారు దివంగతులైరి.

వారి సంగీతములో కొంతభాగము పేరులేకయే లోకమున తిరిగెను. రేడియో ఉద్యోగమున ఉన్నందున సినిమాలకు చేసిన పనిని తమ పేరున చెప్పుకొనుట వారికి కుదరలేదు. ‘గృహప్రవేశం’ చిత్రమునకు సోదరులు నళినీకాంతరావుగారి పేరు వాడిరి. ఇట్టి విద్వాంసులే ‘జేజిమామయ్య పాటలు’ అను బాలగేయములను గూడ రచించిరి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య’, ‘అక్కయ్య’లై పిల్లలను మైకు ముందు నిలిపిన కాలమది. వాగ్గేయకారుల చరిత్ర వ్రాసిన కలమే పసివాని నోటికి పట్టు మాటలను వెదకుట మేము గమనింపవలసిన విషయము.

అది తేలిక పనియని తలపరాదు. ఇంటిలోనే పరీక్షించి చూడవచ్చును. తండ్రి ఒకటి లేక ఒకటిన్నర శ్రుతిలో హాయిగా పాడును. ఎనిమిదేండ్ల బిడ్డకు ఐదు, ఐదున్నర శ్రుతి కావలెను. తండ్రి శ్రుతిలో బిడ్డను పాడుమన్నచో క్రింది స్వరములలో గొంతు వినబడదు. శ్రుతి పెంచి తారస్థాయికి లాగినచో కేకయగును. కనుక వరుస ఒక స్థాయిలోపలనే, అందును నడిమి స్వరములలో తిరుగవలెను. బిడ్డ ఊపిరి చిన్నది. పాదము పొడవైనచో మాట నడుమ విరుగును. పల్లవి త్వరత్వరగా తిరిగి రావలెను. సంయుక్తాక్షరములు గుట్టగా పడరాదు. తాళము చేతికిని కాలికిని అందవలెను. ఇన్ని కట్టుబాట్లలో మరల అందము గూడ ఉండవలెను. పాట బాగుండకున్నను పెద్దలు మర్యాదకైనను కూర్చుండి విందురు. పిల్లలు లేచి ఆటకు పోవుదురు. అంతకంటె నిక్కచ్చియైన సభ విద్వాంసునకు వేరొకటి లేదు.

ఇంత శ్రమతో పుట్టిన పాటలలో ఎన్ని నిలిచినవి? తొలినాళ్ల రేడియో ప్రసారములు చాలవరకు అప్పటికప్పుడు పాడినవి. ప్రసారముతోనే గాలిలో కలిసిన పాటలకు లెక్కలేదు. మేము చిన్ననాట విని నేర్చిన బాలగేయములలో కర్త పేరు చెప్పగలిగినవి రెండు మూడింటికి మించవు. బాస్ వాదకుని నాదము వలెనే, పిల్లల పాట కట్టినవాని పేరును మన చెవికి అందకయే పోయినది.

పాట నిలుచుటకు వ్రాత ఎంత తోడ్పడునో మన మదనపల్లె చెప్పుచున్నది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని దినములు విశ్రమించిరి. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ ఐర్లండున సంగీతమున పట్టము పొందిన విదుషి. స్త్రీల ఓటుహక్కు కొరకు పోరాడి కారాగారమునకు వెళ్లిన ధీరురాలు. విద్యార్థుల యెదుట ఠాకూరు ‘జనగణమన’ పాడగా వారు పల్లవి నందుకొని గొంతు కలిపిరి. మార్గరెట్ ఆ వరుసను స్వరలిపిలో వ్రాసి ఉంచిరి. ఫిబ్రవరి 28న ఠాకూరు దానిని ఆంగ్లమున అనువదించిరి. అది ఆ కళాశాల విద్యార్థుల ప్రార్థనాగీతమయ్యెను. 1950 జనవరి 24న అదే మన జాతీయగీతముగా అంగీకరింపబడెను. ఉద్యమములలో తలమునకలైన ఒక మహిళ విద్యార్థుల పాట కొరకు కాగితము, కలము తీసికొనుట ఎంతటి మేలైన పనియో ఊహింపుడు.

ఇట్టి పనికి విద్వాంసులే కావలెనన్న నియమము లేదు. పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతముల ఇండ్లలో తెలుగు, తమిళ, కన్నడ భాషలు ఒకే ముంగిట వినవచ్చును. అవ్వలు పాడు జోలపాటలలోను, ఆటపాటలలోను ఆ కలయిక కనిపించును. ఈ ఆదివారము మీ ఇంటి పెద్దను కూర్చుండబెట్టి ఒక్క పాట పాడించి వ్రాసికొనుడు. స్వరము తెలిసినచో స్వరము వేయుడు. తెలియకున్నచో గొంతును యంత్రమున పట్టి ఉంచుడు. ఎవరు నేర్పినారో, ఏ ఊరిలో నేర్చినారో అడిగి ఆ పేరును పాటప్రక్కనే వ్రాయుడు. పిదప ఆ పాటను ఇంటిలోని చిన్నవానిచేత పాడింపుడు.