పొలిమేరలో ముళ్లకంప

కరోనా రోజుల్లో సిక్కోలు, విజయనగరం పల్లెల్లో జరిగిన గొడవ మాస్కు గురించేనా?

2020 ఏప్రిల్ నెల గుర్తుందా? సాయంత్రమైతే చాలు, టీవీ ముందు కూర్చుని జిల్లాలవారీ లెక్కలు చూసుకునేవాళ్లం. అప్పటికి రాష్ట్రంలో ఉన్నవి పదమూడు జిల్లాలు. పదకొండింటి అంకెలు రోజురోజుకీ పెరుగుతుంటే రెండు గడుల్లో మాత్రం సున్నాలే కనిపించేవి. ఒకటి శ్రీకాకుళం, రెండోది విజయనగరం. ఎప్పుడూ ‘వెనకబడిన జిల్లాలు’ అనిపించుకునే ఈ రెండూ ఓ పట్టికలో వెనకబడినందుకు మురిసిపోవడం బహుశా అదే మొదటిసారి!

ఆ సున్నాని కాపాడుకోవడానికి పల్లెలు తమకు తోచిన పని చేశాయి. ఊరి మొదట్లో తాటిదుంగలు పడ్డాయి. ముళ్లకంపలు పడ్డాయి. కొండ మీద గూడేల్లో వెదురుకర్రలు అడ్డంగా కట్టారు. ‘బయటివారు రావద్దు’ అని అట్టముక్క మీద రాసి వేలాడదీశారు. లాక్‌డౌన్ అన్న మాట కొత్తదే కానీ ఆ పని ఈ ప్రాంతానికి కొత్త కాదు. కలరా, మశూచి తిరిగిన కాలంలో పొలిమేర కట్టుకోవడం పెద్దవాళ్లకు తెలిసిందే. అందుకే సర్కారు ఆంక్షల మీద సణిగినవాళ్లు కూడా ఊరి కంచె మీద సణగలేదు. అది తమ కంచె.

చిక్కు ఎక్కడొచ్చిందంటే... కంచె ముందుగా ఆపింది ఆ ఊరి పిల్లల్నే.

సిక్కోలు అంటేనే వలస. చెన్నైలో ఇళ్లు కట్టేవాళ్లలో, విజయవాడ, హైదరాబాదుల్లో తాపీ పని చేసేవాళ్లలో మనవాళ్లు ఎందరో. తీరంలోని మత్స్యకారులైతే ఏటా గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి అక్కడి బోట్లలో పనిచేస్తారు. లాక్‌డౌన్ పెట్టేసరికి నాలుగు వేల మందికి పైగా ఆంధ్రా మత్స్యకారులు ఆ రేవులో చిక్కుకుపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఈ రెండు జిల్లాలవాళ్లే. పగలూ రాత్రీ బోట్లలోనే గడిపి, ఏప్రిల్ నెలాఖరున బస్సులెక్కి దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటి వచ్చారు. వచ్చాక నేరుగా ఇంటికి పోవడానికి లేదు. ముందు క్వారంటైన్, ఆ తర్వాతే ఊరు.

ఈలోగా సున్నా పోయింది. ఏప్రిల్ 25న శ్రీకాకుళం జిల్లా పాతపట్నం మండలంలో తొలి మూడు కేసులు తేలాయి. మే 7న విజయనగరం వంతు వచ్చింది. పాతపట్నం పక్కనే ఒడిశాలోని పర్లాకిమిడి. సరిహద్దు కాగితం మీదే తప్ప సంతకీ, ఆసుపత్రికీ, చుట్టరికానికీ రెండూ ఒకటే. అలాంటి చోట దారులు మూసుకుపోవడమంటే ఏమిటో అక్కడివాళ్లకే తెలుసు. ఉద్దానం సంగతి మరీ కష్టం. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటే తప్ప బతకని కిడ్నీ రోగులు అక్కడ ఇంటింటికీ ఉన్నారంటే అతిశయోక్తి కాదేమో. ‘ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి’ అన్న నినాదం వాళ్లకు ఎలా పనికొస్తుంది? బస్సు లేని రోజున సోంపేటకో పలాసకో చేరడమే వాళ్లకు క్షేమం.

ఆ దూరం పేరేమిటి?

తొలిరోజుల్లో అందరి నోటా ఒకటే మాట, ‘సామాజిక దూరం’. ఆ మాట మీద అభ్యంతరాలు వచ్చాయి. నిజమే కదా! ఊరికి దూరంగా వాడ, బావికి దూరంగా మనిషి... ఇలాంటి దూరాలు తరతరాలుగా చూసిన సమాజంలో మళ్లీ అదే పేరు పెట్టడం కొందరికి గుచ్చుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ‘భౌతిక దూరం’ అనడమే మేలంది. పత్రికలు మాట మార్చుకున్నాయి. కానీ మాట మారినంత తేలిగ్గా మనసులు మారలేదు.

2020 జూన్ 26న పలాసలో జరిగింది దేశమంతా చూసింది. చనిపోయిన ఓ వృద్ధుడికి కరోనా ఉందని తేలగానే చుట్టుపక్కలవాళ్లు భయపడ్డారు. మున్సిపాలిటీ సిబ్బంది ఆ మృతదేహాన్ని జేసీబీ తొట్టెలో పెట్టి శ్మశానానికి తరలించారు. చెత్త ఎత్తే యంత్రంలో మనిషి! ముఖ్యమంత్రి తప్పుపట్టారు. కమిషనర్‌నీ, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నీ సస్పెండ్ చేశారు. జాగ్రత్తలు తీసుకుంటే మృతదేహం నుంచి వైరస్ సోకే అవకాశం తక్కువని కేంద్ర ఆరోగ్యశాఖ ఆ మార్చిలోనే చెప్పింది. ఆ కాగితం పలాస వీధి దాకా చేరలేదు. ఉద్యోగుల సస్పెన్షన్ వార్త మాత్రం చేరింది. జూలైలో అంత్యక్రియల ఖర్చుకు 15 వేల రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. డబ్బు అవసరమే. కానీ ఆ రోజుల్లో కరువైంది పాడె మోసే భుజాలు.

ఇక మాస్కు. అమెరికాలో మాస్కు పెట్టుకోమంటే స్వేచ్ఛ పోతుందని వీధుల్లోకి వచ్చారు. మన దగ్గర గొడవ మొదలైంది మాస్కు వద్దని కాదు, లేదని! పొరుగునే, విశాఖ జిల్లా నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టర్ సుధాకర్ 2020 ఏప్రిల్‌లో తమకు సరిపడా మాస్కులు ఇవ్వడం లేదని బహిరంగంగా అని సస్పెండయ్యారు. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన్ని అదుపులోకి తీసుకున్న తీరు హైకోర్టు దాకా వెళ్లి సీబీఐ విచారణకు దారితీసింది. 2021 మే నెలలో ఆయన గుండెపోటుతో కన్నుమూశారు. సామాన్యులకైతే మనిషికి మూడు చొప్పున గుడ్డ మాస్కులు పంచుతామని ప్రభుత్వం చెప్పింది. స్వయం సహాయక సంఘాల మహిళలు మిషన్ల ముందు కూర్చుని వాటిని కుట్టారు. రైతుకూలీ మాత్రం భుజం మీది తువ్వాలునే మూతికి చుట్టుకున్నాడు. పొలంలో దిగాక అదీ జారిపోయేది. ఎండలో నాట్లు వేసేవాళ్లని ముక్కు మూసుకోమని గట్టిగా అడగడం గట్టు మీద నిలబడ్డవాడికే సాధ్యం.

2021లో మాస్కు లేకపోతే 100 రూపాయల జరిమానా అన్నారు. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 245 రూపాయలు. అంటే మూతిగుడ్డ మరిచినందుకు రోజు కూలిలో ఐదింట రెండొంతులు! జరిమానాకు భయపడి పోలీసు కనిపించగానే పైకి లాగి, దాటగానే గడ్డం కిందికి దించిన మాస్కులు మనమంతా చూశాం. (మనమూ దించాం. ఒప్పుకుందాం.)

అమ్మవారు, టీకా మచ్చ

మీ ఇంట్లో అరవై దాటినవాళ్లుంటే ఓసారి వాళ్ల జబ్బ చూడండి. గుండ్రటి మచ్చలు కనిపించవచ్చు. మశూచి టీకా గుర్తులవి. టీకాలవాళ్లు వస్తున్నారంటే పిల్లల్ని అటక మీదా, గాదెల వెనకా దాచిన రోజులున్నాయి. బలవంతంగా పొడిపించిన రోజులూ ఉన్నాయి. ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1939లో వచ్చిన ప్రజారోగ్య చట్టం టీకాను తప్పనిసరి చేసింది. జనం దృష్టిలో మాత్రం అది జబ్బు కాదు, ‘అమ్మవారు’. అమ్మ వచ్చిన ఇంటికి వేపమండ కట్టాలి, చల్లగా చూడమని మొక్కాలి... సూదితో పొడవడమేమిటని వాళ్ల బాధ. 1980లో ప్రపంచం మశూచి నుంచి బయటపడిందని ప్రకటించేనాటికి, టీకానూ వేపమండనూ రెంటినీ ఇంట్లో ఉంచుకోవడం మనవాళ్లు నేర్చేసుకున్నారు.

విజయనగరం పైడితల్లి కథలోనూ మశూచి ఉంది. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న విజయరామరాజు మరణించేనాటికి పైడిమాంబ ఆ జబ్బుతోనే ఉందని చెప్పుకుంటారు. ఆ తల్లి సిరిమానోత్సవానికి లక్షల్లో జనం వస్తారు. మరి 2020 అక్టోబరులో ఏం చేయాలి? ఆపితే అమ్మకు కోపం, జరిపితే ఊరికి ముప్పు. ఉత్సవాన్ని ఆపలేదు. జనాన్ని ఆపారు. సిరిమాను తిరిగింది, మిగతావాళ్లని ఇంట్లో ఉండి టీవీలో చూసి దణ్ణం పెట్టుకోమన్నారు. జీవితంలో ఏనాడూ సిరిమాను తప్పనివాళ్లకు అది ఎంత వెలితో చెప్పలేం. అయినా సర్దుకున్నారు. వాదన అంటే ఒకరు గెలిచి ఒకరు ఓడాల్సిందే అనుకునేవారికి ఇది పనికొచ్చే ఉదాహరణ.

కరోనా టీకా 2021 జనవరి 16న మొదలైంది. వెంటే వదంతులూ మొదలయ్యాయి. వేసుకుంటే పిల్లలు పుట్టరట, రెండేళ్లలో పోతారట... ఇవన్నీ ఫోన్లలో తిరిగాయి. నవ్వి కొట్టిపారేయడం తేలికే. అన్ని అనుమానాలూ వదంతులు కావు మరి. మన హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌కు మూడోదశ ప్రయోగాల ఫలితాలు రాకముందే అనుమతిచ్చారు. 77.8 శాతం సామర్థ్యమన్న తుది లెక్క ఆ ఏడాది జూలైలో గానీ రాలేదు. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు ముందు నాలుగు నుంచి ఆరు వారాలన్నారు, తర్వాత ఆరు నుంచి ఎనిమిదన్నారు, మే నెలలో పన్నెండు నుంచి పదహారన్నారు. కారణాలు ఉండవచ్చు. వాటిని ఊళ్లో కూర్చోబెట్టి వివరంగా చెప్పినవారేరి? దానికి తోడు, టీకా వేసుకోకపోతే పింఛను ఆగిపోతుందట, బియ్యం ఆగిపోతాయట అన్న మాట పల్లెల్లో పాకింది. టీకా మంచిదని నమ్మినవాళ్లకు కూడా ఈ బెదిరింపు రుచించలేదు. కూలికి పోయేవాళ్ల ప్రశ్న మరొకటి: సూది వేశాక రెండ్రోజులు జ్వరమొస్తే ఆ కూలి ఎవరిస్తారు?

దానికి జవాబు చెప్పాల్సింది పెద్దపెద్దవాళ్లు. చెప్పాల్సి వచ్చింది మాత్రం ఏఎన్ఎంలూ, ఆశా కార్యకర్తలూ. పిల్లలకు పోలియో చుక్కలు వేసిన చెయ్యే కాబట్టి గుమ్మంలోకి రానిచ్చారు. ఒక పక్క వద్దనేవాళ్లు, మరో పక్క మే నెలంతా దొరక్క క్యూల్లో తోసుకున్నవాళ్లు. జూన్ 20న రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షల మందికి పైగా టీకా వేశారు. ఎవరినీ బలవంతంగా టీకా వేసుకోమనకూడదని సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది 2022 మే 2న. టీకా విధానాన్ని మాత్రం తప్పుపట్టలేదు. నా మట్టుకు ఆ తీర్పు సబబే అనిపిస్తుంది. కాకపోతే వచ్చేసరికి బెదిరింపుల కాలం దాటిపోయింది.

నీళ్ల సీసా

అన్నిటికంటే కష్టమైన వాదన మాటల్లో జరగలేదు. 2021 మే నెలలో, జి.సిగడాం మండలంలోని ఒక ఊరి బయట జరిగింది. విజయవాడలో కూలిపని చేసుకునే ఓ వ్యక్తి కరోనాతో తిరిగొచ్చాడు. ఊళ్లోకి రానివ్వలేదు. పొలంలో పాక దగ్గర పడి ఉన్నాడు. దాహంతో అల్లాడుతున్న తండ్రికి కూతురు నీళ్లివ్వబోతుంటే తల్లి వెనక్కి లాగుతోంది. పిల్ల విదిలించుకుని వెళ్లి తండ్రి నోట్లో నీళ్లు పోసింది. ఆయన బతకలేదు. ఆ వీడియో చూసి కన్నీళ్లు పెట్టనివారు లేరు. చాలామంది తల్లిని తిట్టారు. కానీ ఆమె చేసిందేమిటి? పోయే మనిషిని ఎలాగూ ఆపలేక, ఉన్న పిల్లనైనా కాపాడుకోబోయింది. ఆ సమయంలో ఆ పిల్లకు ఒక మంచి మాస్కూ, చేతులకు తొడుగులూ ఇచ్చి ‘వెళ్లమ్మా’ అనే మనిషి ఒక్కరుంటే తల్లి చెయ్యి పట్టుకుని లాగేదా?

ఆ మేలోనే, 6వ తేదీన, ఆంధ్రా తెలంగాణల నుంచి వచ్చేవాళ్లు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాల్సిందేనని ఢిల్లీ ఆదేశమిచ్చింది. ‘ఏపీ స్ట్రెయిన్’ అన్న పేరు అప్పటికే దేశమంతా మోగుతోంది. అది అంత ప్రమాదకరమేమీ కాదని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. మనకు ఒళ్లు మండింది. మన ఊరి కంచె దగ్గర వలసకూలీ నిలబడ్డట్టే, ఢిల్లీ వాకిట్లో మనం నిలబడ్డాం.

కంచె కథ అక్కడితో అయిపోలేదు. 2022 ఏప్రిల్‌లో సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టుకున్నారు. ఈసారి కరోనాకు కాదు. కొద్దిరోజుల్లో కొందరు జ్వరాలతో పోవడంతో ఊరికి దుష్టశక్తి పట్టిందని భయపడి, పూజలు చేయించి, దారులకు కంచె వేశారు. బడి మూతపడింది. సచివాలయ సిబ్బందిని రానివ్వలేదు. పోలీసులు వచ్చి నచ్చజెప్పాల్సి వచ్చింది. రెండేళ్ల కిందట ఇలాంటి కంచెల ఫొటోల్నే ‘పల్లె చైతన్యం’ అంటూ మెచ్చుకున్నవాళ్లం, ఆ వార్తకు ‘మూఢనమ్మకం’ అని పేరు పెట్టుకున్నాం.