హైదరాబాద్ ఎఫ్‌సీ: కప్పు కొట్టిన మూడున్నరేళ్ళకి టీమే ఊరు మారిపోయింది, అసలు ఏం జరిగింది? (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ముందే చెప్తున్నా, ఈ ఎపిసోడ్‌లో క్రికెట్ లేదు. కాబట్టి సగం మంది ఇప్పుడే స్క్రోల్ చేసి వెళ్ళిపోతారు, తెలుసు. ఉన్నవాళ్ళం మాట్లాడుకుందాం.

సాగర్ హిల్ కాలనీ నుంచి, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట నుంచి కాలేజీ టీముల్లో ఫుట్‌బాల్ ఆడే పిల్లలు అడిగేది ఒకటే ప్రశ్న. "అన్నా, మన హైదరాబాద్‌కి ఐఎస్ఎల్ టీమ్ ఉండె గదా, ఏమైంది?" టీమ్ పోయింది. 2025 అక్టోబరులో ఢిల్లీకి పోయింది. పేరు కూడా మార్చుకుంది, ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. అయితే "పోయింది" అంటే సరిపోదు. ఎట్లా పోయిందో చూస్తే, ఒక టీమ్ రిజల్ట్స్‌ని ఎట్లా చదవాలో తెలుస్తది. ఈ రోజు చెప్పేది అదే.

ముందు పాయింట్లు చూద్దాం. ఫోన్ పక్కన పెట్టకండి, రాసుకోండి.

2019-20, మొదటి సీజన్. 18 మ్యాచ్‌లు, 10 పాయింట్లు, ఆఖరి స్థానం. 2020-21లో 20 మ్యాచ్‌లకి 29 పాయింట్లు, ఐదో స్థానం. 2021-22లో 38 పాయింట్లు, టేబుల్‌లో రెండో స్థానం, తర్వాత ఫైనల్ గెలిచి కప్పు. 2022-23లో 42 పాయింట్లు, మళ్ళీ రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. దాని పక్కనే ఉన్న సీజన్ 2023-24. 22 మ్యాచ్‌లు, 8 పాయింట్లు. ఒక్కటంటే ఒక్క గెలుపు, అదీ 2024 మార్చిలో, చెన్నైయిన్ మీద 1-0.

42 నుంచి 8కి. ఒక్క ఏడాదిలో.

ఇదేదో ఫామ్ పోవడం కాదు. ఫామ్ పోతే 42 కాస్తా 30 అయితది, మరీ బాగోకపోతే 25 అయితది. 8 అయిందంటే గ్రౌండ్‌లో కనిపించేది ఆ టీమ్ కాదన్నమాట. జెర్సీ అదే, లోపల మనుషులు వేరు.

కప్పు గెలిచిన రోజు ఎవరున్నారో గుర్తు చేసుకుందాం. 2022 మార్చి 20, గోవాలో ఫటోర్డా స్టేడియం, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టాండ్స్ నిండా కేరళ జనమే. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కొట్టాడు, కేరళ 1-0. ఇక అయిపోయింది అనుకున్నారు. 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి ఒక్కటి పెట్టాడు, 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనది. ఆ వీడియో చూడనోళ్ళు ఉంటే ఈ ట్రాన్స్‌క్రిప్ట్ ఆపేసి ముందు అది చూసి రండి, నేనేమీ అనుకోను.

ఆ సీజన్‌లో నైజీరియా స్ట్రైకర్ బార్తలోమ్యూ ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. గోల్డెన్ బూట్ అతనిదే. వెనకాల కోచ్ మనోలో మార్కెజ్, స్పెయిన్ ఆయన. ఆయన గొప్పతనం ఎక్కడుందంటే ఇండియన్ కుర్రాళ్ళ మీద నమ్మకంలో. ఐఎస్ఎల్ రూల్ ప్రకారం గ్రౌండ్‌లో ఒకేసారి నలుగురు విదేశీయులే ఉండాలి. అంటే 11 మందిలో ఏడుగురు మనోళ్ళే. నలుగురు స్టార్లని ఎవరైనా కొంటారు. ఆ ఏడుగురే సీజన్‌ని మోస్తారు. మార్కెజ్ ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్ళని రెండు వింగుల్లో దింపి, మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడించాడు. డిఫెన్స్‌లో చింగ్లెన్‌సనా, ముందు నిఖిల్ పూజారి, మొహమ్మద్ యాసిర్, హాలిచరణ్ నర్జారీ. ఇదీ స్క్వాడ్.

ఇప్పుడు గేట్లు ఎత్తారు.

మన సాగర్ లెక్కతోనే చెప్తా, అందరికీ తెలిసిందే గదా. డ్యామ్‌కి పైనుంచి ఇన్‌ఫ్లో వస్తుంటే 26 గేట్లు ఎత్తినా భయం లేదు. ఇన్‌ఫ్లో ఆగిపోయాక గేట్లు తెరిచి కూర్చుంటే ఎడమ కాల్వ కింద కోదాడ రైతు నోట్లో మట్టే. టీమ్ కూడా అంతే. ఆటగాళ్ళు పోవడం తప్పు కాదు, మంచి ఆటగాళ్ళు పెద్ద ఆఫర్ వస్తే పోతారు. ఆశిష్ రాయ్ 2022లోనే మోహన్ బగాన్‌కి పోయాడు, అయినా టీమ్ మరుసటి ఏడాది 42 పాయింట్లు తెచ్చింది. ఎందుకంటే అప్పటికి ఇన్‌ఫ్లో ఉంది. 2023లో ఒకేసారి మార్కెజ్ గోవాకి, ఆకాశ్ మిశ్రా ముంబయి సిటీకి పోయారు, ఒగ్బెచే కూడా క్లబ్ వదిలాడు. కొత్తగా వచ్చేదేమో ఆగిపోయింది.

ఎందుకు ఆగింది? జీతాలు.

ఇక్కడ ఒక రూల్ తెలిస్తే మొత్తం కథ అర్థమైతది. ఫిఫా నియమాల్లో ఒకటుంది. క్లబ్ కనీసం రెండు నెలల జీతం బకాయి పెడితే, ఆటగాడు 15 రోజుల గడువిచ్చి నోటీసు పంపొచ్చు. అప్పటికీ డబ్బు రాకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసుకుని ఫ్రీగా వేరే క్లబ్‌కి పోవచ్చు. అంటే క్లబ్‌కి ట్రాన్స్‌ఫర్ ఫీజు ఒక్క రూపాయి రాదు. మామూలుగా మంచి ఆటగాణ్ణి అమ్మితే వచ్చిన డబ్బుతో ఇంకొకణ్ణి తెస్తారు. ఇక్కడ మనిషీ పోయాడు, డబ్బూ పోయింది.

రెండో దెబ్బ ట్రాన్స్‌ఫర్ బ్యాన్. బకాయిల కేసులు ఫిఫా దాకా పోతే, బాకీ తీర్చేదాకా కొత్త ఆటగాళ్ళని రిజిస్టర్ చేయనివ్వదు. హైదరాబాద్‌కి అదే పడింది. అంటే ఒక పక్క గేట్లు తెరిచి ఉన్నాయి, ఇంకో పక్క పైన అడ్డుకట్ట కట్టేశారు.

2024 జనవరి విండో వచ్చేసరికి నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా బెంగళూరుకి పోయారు. యాసిర్ గోవాకి పోయాడు. విదేశీయులు దాదాపు అందరూ ఖాళీ చేశారు, కెప్టెన్ జోవావో విక్టర్ మాత్రం మిగిలాడు. కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో చేతిలో ఉన్నది జూనియర్ పిల్లలు. టీమ్ ఆ సీజన్ మొత్తం, 22 మ్యాచ్‌ల్లో కలిపి కొట్టిన గోల్స్ 10. రెండేళ్ళ కింద ఒగ్బెచే ఒక్కడే కొట్టినవి 18. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి, నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

కానీ ఆ పిల్లల్ని నవ్వుకున్నోళ్ళని చూస్తే నాకు కోపమొస్తది. 43 గోల్స్ తిన్నారు, నిజమే. జీతం ఎప్పుడొస్తదో తెలీకుండా, ప్రతి వారం మీకంటే పదేళ్ళ అనుభవం ఎక్కువున్నోళ్ళ ముందు నిలబడి, అయినా అయిదు డ్రాలు తీసుకొచ్చారు. డ్రా అంటే చిన్న విషయం కాదు తమ్ముడూ.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని తీసుకుంది. కొంత ఊపిరి ఆడింది. అక్టోబరు 26న కోల్‌కతాలో మొహమ్మడన్ మీద 4-0. నవంబరు 7న కొచ్చిలో కేరళ బ్లాస్టర్స్ మీద 2-1, రెండు గోల్స్ ఆండ్రీ ఆల్బావే. ఆ రెండు వారాలు చూసి "మళ్ళీ లేచింది" అని నేనూ అన్నా. తొందరపడ్డా. ఎందుకంటే రెండు రిజల్ట్స్ చూశా గానీ బెంచ్ మీద ఎవరున్నారో చూడలేదు. స్క్వాడ్ ఆలస్యంగా కట్టారు, కట్టింది కూడా పల్చగా ఉంది. తర్వాత వరుస ఓటములు, డిసెంబరులో సింగ్టో బయటికి, షమీల్ చెంబకత్‌కి బాధ్యతలు. చివరికి 24 మ్యాచ్‌లకి 18 పాయింట్లు, 13 టీముల్లో 12వ స్థానం. ఆ తర్వాత ఢిల్లీ.

సరే, ఇక మిగిలిందేంటి? ఇది ముఖ్యమైన భాగం, స్పీడ్ పెంచి చూడొద్దు.

ఒకటి గమనించారా, కప్పు టీమ్‌లో నేను చెప్పిన పేర్లు? మణిపూర్, అసోం, సిక్కిం, ఉత్తరప్రదేశ్, గోవా. తప్పు పట్టట్లేదు, వాళ్ళు ఆడారు కాబట్టే కప్పొచ్చింది. కానీ మన జిల్లాల పిల్లలు ఆ ఏడుగురిలోకి రాలేదు. టీమ్ వెళ్ళిపోతే పోయేది బోర్డు మీద పేరే, ఎందుకంటే కింద వేర్లు దిగలేదు.

ఒకప్పుడు ఇలా లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఉస్మానియాలో చదువుకుని బడిలో టీచర్‌గా పనిచేసిన మనిషి. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగన్ వేసింది ఆయన పాత్రే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది, ఆ టీమ్‌లో హైదరాబాదీలు చాలామంది. సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ 1956-57లో, 57-58లో వరుసగా కొట్టింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. అక్కడితో ఆగిపోయింది.

2024 డిసెంబరులో అదే సంతోష్ ట్రోఫీ ఫైనల్ రౌండ్ మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆతిథ్యం మనది, క్వార్టర్స్‌కి మాత్రం తెలంగాణ చేరలేదు. 31వ తేదీన గచ్చిబౌలిలో ఫైనల్, బెంగాల్ 1-0తో కేరళ మీద గెలిచింది. ఇంజ్యూరీ టైమ్‌లో రోబి హన్స్‌దా గోల్. టోర్నీలో అతనివి 12 గోల్స్.

ఇంకో క్లబ్ ఉంది, శ్రీనిధి డెక్కన్. శ్రీనిధి విద్యాసంస్థల వాళ్ళది, అజీజ్‌నగర్‌లో సొంత గ్రౌండ్. ఐ-లీగ్‌లో 2022-23లో, 2023-24లో రెండుసార్లూ రన్నరప్. 2024-25లో ఆ జోరు లేదు. అయినా సొంత గ్రౌండ్ ఉన్న క్లబ్ రాత్రికి రాత్రి సూట్‌కేస్ సర్దుకోవడం కష్టం, అందుకే నా కన్ను దాని మీదే ఉంది.

ఇక నిజంగా సంతోషపెట్టే పేరు గుగులోతు సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ టీమ్‌లో ఉంది, అదే సీజన్‌కి ఏఐఎఫ్ఎఫ్ ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా తీసుకుంది. మిర్యాలగూడ, దేవరకొండ చుట్టుపక్కల ఎన్ని తండాలున్నాయో లెక్కపెట్టుకోండి.

మీరు కాలేజీలో ఆడుతుంటే దారి ఇట్లుంటది. కాలేజీ టీమ్, అక్కడి నుంచి యూనివర్సిటీ టీమ్. మన వైపు చాలా కాలేజీలు నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ కిందికి వస్తాయి. ఆ తర్వాత సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ, దాటితే ఆలిండియా. కేరళలో కాలికట్ యూనివర్సిటీ ఈ దారిలోనే ఎంతమందిని క్లబ్బులకి ఇచ్చిందో చూడండి. ట్రయల్స్ నోటీసు మాత్రం మీ ఫిజికల్ డైరెక్టర్ సార్‌ని మీరే వెళ్ళి అడగాలి, గ్రూప్‌లో ఎవరో పెడతారని కూర్చుంటే డేట్ అయిపోతది. రేపు పొద్దున్నే అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో శ్రీనిధి స్క్వాడ్ పొజిషన్ల వారీగా చూద్దాం. ఉంటా మరి.