రెండు పాత కార్డులతో చిన్న చాకుకి ఒర

హాస్టల్‌లోనో, బ్యాచిలర్ రూమ్‌లోనో యాపిల్ కోసుకోవడానికి ఓ బుల్లి చాకు ఉంటుంది కదా, మూడు అంగుళాలకి కొంచెం తక్కువ బ్లేడుది. ఈరోజు దానికి ఒర చేద్దాం.

పెద్ద కత్తిని అందరం జాగ్రత్తగానే పెడతాం. చిన్నదాన్ని మాత్రం చార్జర్, ఇయర్‌ఫోన్స్‌తో పాటు బ్యాగులో పడేస్తాం. ఆ బ్యాగులో చెయ్యి పెట్టేది మీరే కానక్కర్లేదు, మీ చెల్లి కావచ్చు. మన వేళ్ల లోపలి వైపు, చర్మానికి కొంచెం కిందే వేలిని వంచే టెండాన్లు, స్పర్శ తెలిపే నరాలు ఉంటాయి. చిన్న గాటే అయినా తర్వాత వేలు వంగకపోయినా, మొద్దుబారినా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లాలి.

పేపర్ చుట్టేస్తే సరిపోదా అంటారేమో. సరిపోదు. సాఫ్ట్‌వేర్‌లో ఎడ్జ్ కేస్ అంటాం కదా, ఇక్కడ నిజంగానే ఎడ్జ్ దగ్గరే సమస్య. చాకు తీసిన ప్రతిసారీ, పెట్టిన ప్రతిసారీ పదును ఒర అంచుని కొంచెం కొంచెం కోస్తుంది. ఆ అంచులో కుట్టో, టేపో ఉంటే ఒకరోజు తెగుతుంది. అందుకే తోలు ఒరలు కుట్టేవాళ్లు రెండు పొరల మధ్య, పదును వైపు ఇంకో తోలు పట్టీ పెడతారు. దాన్ని వెల్ట్ అంటారు. పదును పట్టీకి తగులుతుంది, కుట్టు దాకా రాదు. మనం చేసేదీ అదే.

కావాల్సింది రెండు పాత ప్లాస్టిక్ కార్డులు. కాలేజీ ఐడీ, షాపింగ్ కార్డు ఏదైనా పర్లేదు. బ్యాంకు కార్డు వద్దు, దాన్ని ముక్కలు చేసి పారేయాలి. ఈ కార్డుల సైజు అంతటా ఒకటే: పొడవు 85.6 మి.మీ., వెడల్పు 54, మందం 0.76. కాబట్టి మీ బ్లేడు 75 మి.మీ. దాటకూడదు.

ముందు బ్లేడు వెడల్పు కొలవండి. 20 మి.మీ. అనుకుందాం. దానికి 13 కలిపి, రెండు కార్డుల్నీ పొడవునా 33 మి.మీ. వెడల్పుకి కత్తిరించండి. ఇవి ఒర రెండు ముఖాలు. మిగిలిన ముక్కల నుంచి 6 మి.మీ. పట్టీలు ఆరు వస్తాయి.

ఒక ముఖం మీద పదును వైపు రెండు పట్టీలు ఒకదానిపై ఒకటి, వెన్ను వైపు రెండు అతికించండి. మిగిలినవి మొన వైపుకి సరిపడా కత్తిరించి పెట్టండి. వెన్ను వైపు మూలలో 2 మి.మీ. సందు వదలండి, లోపల నీళ్లుంటే కారిపోతాయి. రెండు పట్టీల మందం దాదాపు 1.5 మి.మీ. బ్లేడు అంతకంటే మందంగా ఉంటే ఇంకో పొర వేయాలి. చివరగా రెండో ముఖం మూసేయండి.

కార్డు పీవీసీ అయితే ప్లంబర్లు పైపులకి వాడే సొల్యూషన్ బాగా పడుతుంది. అతికించే చోట ముందు ఎమెరీ పేపర్‌తో రుద్దండి. కిటికీ తెరిచి, మంటకి దూరంగా చేయండి. ఒకరోజు పూర్తిగా ఆరాకే చాకు పెట్టాలి.

ఇప్పుడు టెస్టింగ్. పరుపు మీద ఒరని తలకిందులుగా ఊపండి. చాకు జారితే, ఒర మీదుగా పిడి దాకా ఓ రబ్బరు బ్యాండ్ వేయండి. పదును వైపు బయట ఎర్ర మార్కర్‌తో గీత పెట్టండి. పట్టుకునేటప్పుడు వేళ్లు ముఖాల మీదే ఉండాలి, ఆ గీత మీద కాదు. చాకుని తుడిచి, ఆరాకే లోపల పెట్టండి, తడిగా పెడితే తుప్పు పడుతుంది.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా. ఇదీ అంతే, ఒక చాకు కొలతకి చేసింది ఇంకోదానికి వాడొద్దు. ఒర ఉంది కదా అని ఫ్లైట్ క్యాబిన్ బ్యాగులో మాత్రం పెట్టకండి, సెక్యూరిటీ వాళ్లు తీసేసుకుంటారు.

మీ రూమ్‌లో ఒర లేని చాకు ఉంటే ఈ వీకెండ్ చేసేయండి. మళ్లీ కలుద్దాం, బై!